చాక్లెట్ యావ: ఒంటి అవసరమా, నాలుక జ్ఞాపకమా?

1994లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విల్లా మిచెనర్, పాల్ రోజిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఖర్చు పెద్దగా లేని, ఆలోచన మాత్రం చాలా ఉన్న ఒక ప్రయోగం చేశారు. చాక్లెట్ అంటే ప్రాణం పెట్టే కొందరికి మూతపెట్టిన డబ్బాలు ఇచ్చి పంపారు. చాక్లెట్ తినాలని మనసు లాగినప్పుడు ఒక డబ్బా తెరవాలి, అందులో ఏది ఉంటే అది తినాలి, తినకముందు యావ ఎంత ఉందో, తిన్నాక ఎంత మిగిలిందో కాగితం మీద గుర్తు పెట్టాలి. ఒక డబ్బాలో మామూలు మిల్క్ చాక్లెట్ ఉంది. మరొకదానిలో వైట్ చాక్లెట్ ఉంది. దానిలో కోకో వెన్న, అంటే కోకో గింజలోని కొవ్వు, చక్కెర, పాలు ఉంటాయి కానీ కోకో పొడి ఉండదు. ఇంకొకదానిలో కోకో పొడి కూరిన మాత్రలు ఉన్నాయి. చాక్లెట్‌కు మహిమ తెచ్చిపెడతాయని చెప్పుకునే రసాయనాలన్నీ వాటిలో ఉన్నాయి, నాలుకకు మాత్రం ఏ రుచీ తగలదు. వేరొకదానిలో ఉత్తుత్తి మాత్రలు పెట్టారు.

మిల్క్ చాక్లెట్ తిన్నప్పుడు యావ బాగా తగ్గింది. వైట్ చాక్లెట్ తిన్నప్పుడు కొంతవరకే తగ్గింది. కోకో మాత్రలు మింగినా ఉత్తుత్తి మాత్రలు మింగినా ఒకటే అయింది. వైట్ చాక్లెట్‌తో పాటు కోకో మాత్రలు కూడా ఇచ్చి చూశారు, అంటే చాక్లెట్‌లోని సరుకంతా ఏదో ఒక దారిన కడుపులోకి చేరిందన్నమాట. అయినా వైట్ చాక్లెట్ ఒక్కటే తిన్నదానికంటే అదనంగా ఒరిగిందేమీ లేదు. యావను తీర్చేది కడుపులోకి చేరే రసాయనం కాదని, నోట్లో కరుగుతూ ముక్కుకు తగిలే అనుభవమని ఈ ఫలితం చెబుతోంది. ఆరోగ్యం పేరుతో చాక్లెట్ వంటకాలను మార్చి చేసుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఇంట్లో విఫలమయ్యే చాలా ప్రయత్నాలు చక్కెరతో పాటు చాక్లెట్‌నే తీసేయడం వల్ల విఫలమవుతున్నాయి.

ఆకలి రుచి ఎరగదని మన సామెత. యావ రుచి తప్ప మరేదీ ఎరగదు. నిజంగా ఆకలేసిన మనిషికి పెరుగన్నమైనా, నిన్నటి పప్పయినా సరిపోతుంది. యావ పుట్టినవాడికి ఆ ఒక్క పదార్థమే కావాలి, దాని బదులు మరొకటి పెడితే అది తినేసి కూడా మళ్ళీ మొదటిదాని కోసమే వెతుకుతాడు. ఆకలి ఖాళీ కడుపుతో మొదలై గంటగంటకూ పెరుగుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న గ్రెలిన్ అనే హార్మోను కడుపులో తయారై, భోజనానికి ముందు పెరిగి, తిన్నాక తగ్గుతూ ఆ వ్యవహారాన్ని చూసుకుంటుంది. యావకు ఈ లెక్క పట్టదు. పెళ్ళి భోజనంలో ఇక మెతుకు దిగదని లేచినవాడు ఐదు నిమిషాలకే ఐస్‌క్రీం బల్ల దగ్గర వరసలో నిలబడటం మనం చూడనిదేమీ కాదు. ఒక రుచిని తింటున్నకొద్దీ ఆ రుచి మీదే మొహం మొత్తుతుందని, కొత్త రుచి ఎదురైతే మళ్ళీ తినబుద్ధి అవుతుందని 1981లో బార్బరా రోల్స్, ఆమె సహచరులు ప్రయోగాలతో చూపించారు.

లోపం ఉంది కాబట్టే కోరిక పుడుతుందా?

చాక్లెట్ మీదికి మనసు పోతోందంటే ఒంట్లో మెగ్నీషియం తగ్గిందని అర్థమని చాలామంది నమ్ముతారు. డార్క్ చాక్లెట్‌లో మెగ్నీషియం ఉన్నమాట నిజమే. 20 గ్రాముల ముక్కలో సుమారు 45 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతే బరువున్న నువ్వుల్లో 70 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఒంటికి కావలసింది మెగ్నీషియమే అయితే సాయంత్రం నాలుగింటికి మనం నువ్వుల డబ్బా మూత తీయాలి, తోటకూర కోసం కలవరించాలి. అలా ఎవరూ కలవరించరు. పైగా మిల్క్ చాక్లెట్‌లో మెగ్నీషియం డార్క్ చాక్లెట్‌లో కంటే బాగా తక్కువ, అయినా ఎక్కువమంది కోరేది దాన్నే.

కోరికకూ లోపానికీ నిజంగా సంబంధం కనిపించే సందర్భం ఒకటి మన ఇళ్ళలోనే ఉంది. బలపాలు కొరకడం, మట్టి తినడం, పచ్చి బియ్యం గుప్పెళ్ళతో బొక్కడం, ఐసు ముక్కలు నమలడం వంటి అలవాట్లు రక్తహీనత ఉన్నవారిలో, ముఖ్యంగా గర్భిణుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, ఇంట్లో ఎవరైనా బలపాలు తింటుంటే నవ్వి ఊరుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం మంచిది. అయితే ఇక్కడ కూడా శరీరం తెలివిగా కోరుతోందని చెప్పడానికి వీల్లేదు. బలపంలో ఒంటికి పట్టే ఇనుము లేదు, ఐసులో అసలే లేదు, కొన్ని రకాల మట్టి తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. లోపం ఏదో గోల చేస్తోంది కానీ ఏది తింటే తీరుతుందో దానికి తెలియదు.

గర్భిణికి కలిగే తిండి కోరికకు సంస్కృతంలో దోహదం అని పేరు. అశోకం పూయాలంటే స్త్రీ పాదం తగలాలని కావ్యాల్లో చెప్పే దోహదక్రియ కూడా ఆ మాట నుంచే వచ్చింది. నేడు తెలుగు పత్రికల్లో 'అభివృద్ధికి దోహదం చేస్తుంది' అని రాసే ప్రతి వాక్యం అడుగునా ఏదో ఒకటి తినాలని అడిగే ఒక గర్భవతి ఉందన్నమాట. ఆమె అడిగింది ఇచ్చి తీరాలన్నది మన పాత మర్యాద. ఆ మర్యాద మంచిదే, కానీ అడిగినదల్లా ఒంటికి అవసరమైనదే అనుకోవడం వేరే సంగతి.

నెలసరికి ముందు చాక్లెట్ యావ పెరగడం హార్మోన్ల పనేనని కూడా బలంగా ప్రచారంలో ఉంది. అది పూర్తిగా హార్మోన్ల పనే అయితే అన్ని దేశాల స్త్రీలలో ఒకేలా ఉండాలి. అమెరికా స్త్రీలు చెప్పినంత తరచుగా స్పెయిన్ స్త్రీలు ఆ మాట చెప్పలేదని 1999లో వెలువడిన ఒక పోలిక తేల్చింది. అమెరికాలోనే పుట్టి పెరిగినవారితో పోలిస్తే బయటి దేశాల్లో పుట్టి వచ్చినవారిలో ఈ యావ తక్కువని తరువాత మరో అధ్యయనం చెప్పింది. ఆ రోజుల్లో చిరాకు, నీరసం కల్పితమని దీని అర్థం కాదు; ఆ చిరాకుకు మందు చాక్లెట్టేనని చెప్పింది మాత్రం ఒళ్ళు కాదు, చుట్టూ ఉన్న సమాజం. మన అమ్మమ్మలు ఇవే రోజుల్లో చాక్లెట్ పేరు ఎత్తిన దాఖలాలు నాకు తెలిసి లేవు.

కావాలనిపించడం వేరు, నచ్చడం వేరు

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెర్రిడ్జ్ ఎలుకల మీద చేసిన పని ఈ చిక్కుముడిలో ముఖ్యమైన పోగును విడదీసింది. మెదడులో డోపమిన్ అనే రసాయనం దాదాపు పూర్తిగా పోయేలా చేసిన ఎలుకలు పక్కనే తిండి ఉన్నా కదిలి వెళ్ళి తినవు. అలాగే వదిలేస్తే ఆకలితో చచ్చిపోతాయి. డోపమిన్ అంటే ఆనందం అనుకునే రోజుల్లో వీటికి తీపి కూడా రుచించదనే అందరూ భావించారు. కానీ చక్కెర నీళ్ళు తిన్నగా నాలుక మీద వేసినప్పుడు ఆ ఎలుకలు మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా మూతి నాక్కున్నాయి. తీపి వాటికి నచ్చుతూనే ఉంది, దాని కోసం వెళ్ళాలన్న తహతహ మాత్రం పోయింది. ఈ రెండూ మెదడులో వేర్వేరు ఏర్పాట్లని అర్థమయ్యాక, నాలుగో ముక్క పెద్దగా రుచించకపోయినా చెయ్యి ఐదోదాని మీదికి ఎందుకు పోతుందో కూడా అర్థమవుతుంది.

ఆ తహతహ ఎప్పుడు రేగుతుందన్నది వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. మొదట్లో కోతి నోట్లో పళ్ళరసం చుక్క పడినప్పుడు డోపమిన్ కణాలు స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాక, కొన్నాళ్ళకు ఆ స్పందన రసం దగ్గర ఆగిపోయి దీపం దగ్గరకు మారింది. దీపం వెలిగి రసం రాకపోతే కణాల చురుకుదనం మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. మన జీవితంలో ఆ దీపం సాయంత్రం టీ కావచ్చు, పిల్లలు నిద్రపోయాక టీవీ ముందు కూర్చోవడం కావచ్చు, ఆఫీసులో మధ్యాహ్నం మీటింగు ముగియడం కావచ్చు. రోజూ అదే వేళకు అదే తింటే గడియారమే దీపం అవుతుంది. ఆ రోజు తినకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండటం మనోబలం లేకపోవడం వల్ల కాదు, మెదడు వేసుకున్న అంచనా తప్పడం వల్ల.

చాక్లెట్‌కే ఇంత బలం ఎక్కడిది? చక్కెర, కొవ్వు కలిసి రావడం ఒక కారణం. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో కొవ్వు మాత్రమే ఉన్న తిండి, పిండిపదార్థం మాత్రమే ఉన్న తిండి, రెండూ కలిసిన తిండి బొమ్మలు చూపించి, ఏది దక్కించుకోవడానికి ఎంత డబ్బు పెడతారని అడిగితే, కెలోరీలు సమానంగా ఉన్నా జనం కలిసిన వాటికే ఎక్కువ డబ్బు పెడతామన్నారు. ప్రకృతిలో పాలను మినహాయిస్తే ఈ రెండూ సమృద్ధిగా కలిసి దొరికేవి అరుదు. ఈ కిటుకు తెలియనివాళ్ళం కాదు మనం. ఆత్రేయపురం పూతరేకులో నెయ్యీ తీపీ, మైసూర్‌పాక్‌లో నెయ్యీ పంచదారా, అరిసెలో బెల్లమూ నూనే అదే పని చేస్తాయి. అయితే అరిసె పండక్కి వచ్చేది; చాక్లెట్ ప్రతి కిరాణా కొట్టులో చిల్లర పక్కన ఉంటుంది. దానికి తోడు కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర, అంటే ఒంటి వేడికి కాస్త కింద, కరుగుతుంది. చేతిలో గట్టిగా ఉన్నది నాలుక మీద నీరవుతుంది, ఆ కరగడంలోనే వాసనంతా ఒక్కసారిగా ముక్కు వెనక్కు చేరుతుంది.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిస్తే, నిండా పడుకున్నప్పటితో పోల్చినప్పుడు గ్రెలిన్ 28 శాతం పెరిగింది, తిన్నది చాలని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, తీపి మీదా ఉప్పు చిరుతిళ్ళ మీదా కోరిక పెరిగింది. రాత్రి షిఫ్టులు చేసేవారికి, చంటిబిడ్డల తల్లులకు తీపి మానలేకపోతున్నామనే అపరాధభావం ఎక్కువ. వారు ముందు లెక్క చూసుకోవలసింది నిద్ర గంటలను.

ఇక చాక్లెట్ పేరే తలుచుకోకూడదని ఒట్టు పెట్టుకుంటే ఏమవుతుంది? చాక్లెట్ గురించిన ఆలోచనలను అణచుకోమన్న స్త్రీలు ఆ తరువాత వాటిని అణచుకోనివారి కంటే ఎక్కువ చాక్లెట్ తిన్నారని 2008 నాటి ఒక ప్రయోగం చెబుతోంది. యావ చాలావరకు ఊహల బొమ్మల మీద బతుకుతుంది. అందుకే కళ్ళను, ఊహను వేరే పనిలో పెడితే అది పలచబడుతుంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో టెట్రిస్ అనే వీడియో ఆట మూడు నిమిషాలు ఆడించి, ఎక్సెటర్‌లో పదిహేను నిమిషాలు చురుగ్గా నడిపించి ఈ సంగతి పరీక్షించారు. వీటన్నిటికంటే నాకు ఆచరణలో పనికొచ్చింది 1999 నాటి మరో చిన్న ప్రయోగం. కొందరిని రెండు వారాలపాటు ఆకలి మీద ఉన్నప్పుడే చాక్లెట్ తినమన్నారు, మరికొందరిని కడుపు నిండాకే తినమన్నారు. ఆకలి మీద తిన్నవారిలో యావ పెరిగింది, కడుపు నిండాక తిన్నవారిలో తగ్గింది. భోజనం చివర తీపి తినే ఇళ్ళ పద్ధతిని దీని వెలుగులో చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఖాళీ కడుపుతో నాలుగింటికి తినే ముక్కను మధ్యాహ్న భోజనం చివరికి జరపడం ఖర్చు లేని చికిత్స.

కొట్టులో ఏది కొంటున్నాం

కోకో తెలుగువారికి పరాయి పంట కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ ప్రాంతాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా పెరుగుతుంది. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. కాయ పగలగొడితే తెల్లటి పుల్లతీపి గుజ్జు అంటుకున్న గింజలు వరసగా ఉంటాయి. పచ్చి గింజను కొరికితే వగరు, చేదు తప్ప చాక్లెట్ వాసన ఇసుమంత కూడా రాదు. గుజ్జుతో సహా కుప్పపోసి ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, ఆ తరువాత వేయిస్తేనే మనం ఎరిగిన వాసన పుడుతుంది. గింజలో దాదాపు సగం కొవ్వు. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం ఆ కొవ్వును గానుగలాంటి యంత్రంతో పిండి తీసే పద్ధతికి పేటెంటు పొందింది, అలా మిగిలిన పిప్పి నుంచే కోకో పొడి వచ్చింది. వాసన, చేదు, రంగు అన్నీ ఈ పొడిలోనే మిగులుతాయి. చక్కెర నామమాత్రం, కొవ్వు 10 నుంచి 24 శాతం, పీచు మూడో వంతు. తక్కువ తీపితో ఎక్కువ చాక్లెట్ రుచి రావాలంటే ఇంతకంటే అనువైన సరుకు లేదు.

కోకో పొడిలో రెండు రకాలున్నాయి. సహజమైనది లేతరంగులో, కాస్త పుల్లగా ఉంటుంది. క్షారం కలిపి శుద్ధి చేసిన డచ్ రకం నల్లగా, నునుపుగా ఉంటుంది. లేబుల్ మీద ఎసిడిటీ రెగ్యులేటర్ 501 వంటి సంఖ్య కనిపిస్తే అది ఈ రకమే. గుండెకు మంచివని చెప్పే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు స్వల్పంగా క్షారం కలిపినప్పుడు 60 శాతం దాకా, గట్టిగా కలిపినప్పుడు 90 శాతం దాకా పోతాయి. అయితే ఫ్లావనాల్స్ కోసమని చాక్లెట్ తినడం కూడా నేను సమర్థించను. 2022లో ఫలితాలు వెలువడిన కాస్మోస్ పరీక్షలో ఇరవై ఒక్క వేల మందికి పైగా అమెరికన్లలో సగం మందికి కోకో సారం మాత్రలుగా ఇచ్చి, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూస్తే, గుండె సంబంధిత ఘటనల మొత్తంలో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం తగ్గాయి. అది కూడా మాత్రల ఫలితం, మిఠాయిది కాదు. అదే ఏడాది కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ అమెరికాలో 28 డార్క్ చాక్లెట్లను పరీక్షించి, 23 రకాల్లో రోజుకు ఒక ఔన్సు తిన్నా సీసం గానీ కాడ్మియం గానీ జాగ్రత్త పరిమితిని దాటుతుందని తేల్చింది. చాక్లెట్‌ను ఇష్టం కోసం తినాలి, కొంచెమే తినాలి. మందులా రోజూ తినవలసిన వస్తువుగా దాన్ని చూడటం సరికాదు.

బేకింగ్ సామాన్ల కొట్లలో పలకలుగా అమ్మే కాంపౌండ్ గురించి ఒక మాట. దానిలో కోకో వెన్న బదులు వేరే వెజిటబుల్ కొవ్వు ఉంటుంది, చక్కెర జాబితాలో తరచు మొదటి స్థానంలో ఉంటుంది. ఇలాంటి కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది కాబట్టి పాత భయం కొంత తగ్గింది. కానీ కోకో వెన్న లేనప్పుడు నోట్లో కరిగే తీరు మారుతుంది, నాలుకకు మైనం పూసినట్టు ఉంటుంది, యావ తీరక రెండో ముక్క తింటాం.

చక్కెర తీసేస్తే ట్రేలో ఏం జరుగుతుంది

వంట పుస్తకాల్లో తరచు కనిపించే బ్రౌనీ కొలత తీసుకుందాం. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకు వెన్న 115 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, రెండు గుడ్లు, మైదా 65 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు. ట్రే మొత్తానికి రమారమి 2,000 కెలోరీలు. ఇళ్ళలో చేసేటట్టు తొమ్మిది ముక్కలు కోస్తే ఒక్కో ముక్కలో 22 గ్రాముల చక్కెర ఉంటుంది. అదనపు చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచనలూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. ఒక్క ముక్కతో దాదాపు ఆ రోజు కోటా అయిపోయిందన్నమాట, ఇక టీ, కాఫీల్లో వేసుకునేది వేరు.

అలాగని 200 గ్రాములను 50కి దించితే బ్రౌనీ రాదు. చక్కెర తీపినిచ్చి ఊరుకోదు. అది తేమను పట్టి ఉంచుతుంది, పిండిలో గ్లూటెన్ అనే సాగే జిగురు బిగుసుకోకుండా చూస్తుంది, గుడ్డులోని మాంసకృత్తులు త్వరగా గట్టిపడకుండా ఆపుతుంది, గుడ్లతో కలిపి గిలకొట్టినప్పుడు పైన ఆ పల్చటి మెరిసే పొరను తెస్తుంది. అందుకే చక్కెర మరీ తగ్గిన బ్రౌనీ పొడిబారి, రొట్టెలా సాగుతుంది. నా అనుభవంలో మూడో వంతు దాకా తగ్గించినా పెద్ద నష్టం లేదు. అంతకంటే తగ్గిస్తే తేమను తెచ్చే వస్తువు ఇంకొకటి కావాలి.

ఇక్కడ బెల్లం పేరు వస్తుంది. రుచి కోసం వాడితే అభ్యంతరం లేదు, కానీ దాన్ని ఆరోగ్యం ఖాతాలో వేయడం న్యాయం కాదు. బెల్లంలోనూ ప్రధానంగా ఉన్నది సుక్రోజే, అంటే చక్కెరే. పది గ్రాముల బెల్లంలో వచ్చే ఇనుము అర మిల్లీగ్రాములోపు. వయోజన స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఖర్జూరం కొంత మెరుగు, ఎందుకంటే దానితో పాటు పీచు వస్తుంది, తేమ వస్తుంది. కానీ దాని బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. ఖర్జూరంతో చేసింది కాబట్టి చక్కెర లేదని రాయడం మాటల గారడీ. స్టీవియాలో తీపి ఉంది, బరువు లేదు. చెంచాలో పదో వంతుతో 200 గ్రాముల చక్కెర చేసే కట్టడం పని జరగదు. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. మధుమేహం ఉన్నవారికి ఆ సలహా వర్తించదని కూడా అందులోనే చెప్పింది.

మొదటిసారి నేను ఉత్సాహం పట్టలేక మైదా అంతా తీసేసి రాగి పిండి, చక్కెర అంతా తీసేసి ఖర్జూరం, వెన్న అంతా తీసేసి పెరుగు వేశాను. ఓవెన్‌లోంచి వచ్చింది తీపి రాగిసంకటి. ఇంట్లోవాళ్ళు మర్యాదకు ఒక్కో ముక్క తిన్నారు, గంట తరువాత ఫ్రిజ్‌లో ఉన్న అసలు చాక్లెట్ బార్ మాయమైంది. మిచెనర్, రోజిన్ ప్రయోగం మా వంటింట్లో మరోసారి రుజువైందన్నమాట.

ఆ తరువాత కుదిరిన కొలత ఇది. 80 గ్రాముల గింజ తీసిన ఖర్జూరాన్ని సమానమైన వేడినీళ్ళలో నానబెట్టి మెత్తగా రుబ్బుకోవాలి. 40 గ్రాముల సహజ కోకో పొడి మీద మూడు చెంచాల వేడి కాఫీ డికాషన్, 60 గ్రాముల కరిగిన వేడి వెన్న పోసి ఐదు నిమిషాలు వదిలేయాలి. వేడికి కోకో వాసన విచ్చుకుంటుంది, డికాషన్ కాఫీ రుచి బయటపడకుండానే చాక్లెట్‌ను గాఢం చేస్తుంది. రెండు గుడ్లను 90 గ్రాముల చక్కెరతో గానీ బెల్లప్పొడితో గానీ మూడు నాలుగు నిమిషాలు తెల్లబడేదాకా గిలకొట్టాలి. బెల్లమైతే పైపొర అంతగా మెరవదు. ఇవన్నీ కలిపి 60 గ్రాముల చిక్కటి పెరుగు, 40 గ్రాముల రాగి పిండి, 40 గ్రాముల గోధుమ పిండి, పావు చెంచా ఉప్పు వేయాలి, పావు చెంచా బేకింగ్ సోడాను చివర్లో కలపాలి. సహజ కోకోలోని పులుపు, పెరుగులోని పులుపు సోడాకు సరిపోతాయి. డచ్ కోకో వాడితే సోడా బదులు ముప్పావు చెంచా బేకింగ్ పౌడర్ వేయాలి. ఉప్పును చాలామంది మానేస్తారు, అది పొరపాటు. ఉప్పు చేదును అణచి, ఉన్న తీపిని పైకి తెస్తుంది, కాబట్టి తక్కువ తీపి వంటకంలోనే దాని అవసరం ఎక్కువ. చివరగా 70 శాతం డార్క్ చాక్లెట్ 30 గ్రాములు తరిగి పైన చల్లాలి. తిన్నప్పుడు అక్కడక్కడ నాలుకకు తగిలి కరిగేది ఇదే, దీన్ని మాత్రం తగ్గించకండి.

రాగి పిండి కోకో రంగులో కలిసిపోతుంది, వంద గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం తెస్తుంది, కానీ నాననిస్తే తప్ప నోటికి ఇసుకలా తగులుతుంది. కలిపిన పిండిని ఇరవై నిమిషాలు పక్కన పెట్టాలి. సోడా కొంత ముందే పని మొదలుపెడుతుంది కాబట్టి దాన్ని చివర్లో, ట్రేలో పోసేముందు కలపడం మేలు. 175 డిగ్రీలకు ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 20 నిమిషాలకే పుల్ల గుచ్చి చూడాలి. చక్కెర తక్కువున్న పిండి త్వరగా ఆరిపోతుంది, పుల్లకు తడి పొడి అంటుకుంటుండగానే ట్రే బయటికి రావాలి.

ఇప్పుడు లెక్క. ఖర్జూరంలో ఉన్నదీ కలిపితే ఈ ట్రేలో మొత్తం చక్కెర సుమారు 150 గ్రాములు, కెలోరీలు 1,700 పైచిలుకు. పాత ట్రేకూ దీనికీ కెలోరీల తేడా ఆరోవంతు కూడా లేదు! ఇంత కష్టపడ్డాక ఈ అంకె చూసి నాకు నీరసం వచ్చిన మాట నిజం. అసలు మార్పు కత్తి దగ్గర వస్తుంది. తొమ్మిది ముక్కల బదులు పదహారు కోస్తే ముక్కకు 9 గ్రాముల చక్కెర, 110 కెలోరీలు. పాత ట్రేనే పదహారు ముక్కలు చేసినా చక్కెర 12.5 గ్రాములకు దిగుతుంది. రాగి, ఖర్జూరం తెచ్చిన మేలు కంటే చిన్న ముక్క తెచ్చిన మేలే ఎక్కువ. అయితే చిన్న ముక్కతో మనసు ఆగాలంటే ఆ ముక్కలో చాక్లెట్ దట్టంగా ఉండాలి. కోకోను 30 నుంచి 40 గ్రాములకు పెంచింది అందుకే. ఆరోగ్యకరమైనదన్న పేరు వినగానే రెండు ముక్కలు తీసుకునే అలవాటు మనకుంది, అప్పుడు మొత్తం లెక్క తలకిందులవుతుంది. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నవారున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. అలాంటివారికి ఈ ముక్క కూడా తీపి వస్తువే, రోజు తిండి లెక్కలో చేర్చుకోవలసిందే.

చల్లటి పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది, అందుకే కరిగిన ఐస్‌క్రీం వెగటుగా ఉంటుంది. తక్కువ తీపితో చేసిన బ్రౌనీని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా తింటే చప్పగా అనిపించడానికి కారణం అదే. ట్రే పూర్తిగా ఆరాక, వీలైతే మర్నాడు, వేడినీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో కోసి, ఒక్కో ముక్కను విడిగా బటర్ పేపర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి. మా ఇంట్లో మధ్యాహ్నం వడ్డించడానికి ముందు మనిషికొకటి చొప్పున తీసి బల్ల మీద పెడతాం. పెరుగన్నం దాకా వచ్చేసరికి మంచు విడిచి, పైన చల్లిన చాక్లెట్ తుంపులు వేలికి అంటుకునేంత మెత్తబడతాయి.